హాలుకు రంగులు ఎంచుకోవడం ఎలా: గోడ రంగును చివరికి ఉంచండి

హాలుకు కొత్త రంగులు వేయించాలని అనుకోగానే చాలామంది ముందుగా షేడ్ కార్డు తెరుస్తారు. అందులో నచ్చిన రంగు ఒకటి గోడకు వేయించి, ఆ తరువాత దానికి నప్పే సోఫా గుడ్డ కోసం, కర్టెన్ల కోసం, తివాచీ కోసం తిరగడం మొదలుపెడతారు. ఇబ్బందులన్నీ ఈ వరసలోనే ఉన్నాయి. పెయింట్ వేల ఛాయల్లో దొరుకుతుంది. కోరిన ఛాయ కార్డులో లేకపోయినా, గుడ్డ ముక్క ఒకటి చూపిస్తే దానికి దగ్గరి రంగును యంత్రంతో కలిపి ఇస్తారు. గుడ్డలు, టైల్స్, చెక్క సామాను అలా దొరకవు. ఉన్న కొద్ది రంగుల్లోనే ఏదో ఒకటి తీసుకోవాలి, తీసుకున్నాక ఏళ్ల తరబడి దానితోనే సర్దుకోవాలి. అందువల్ల ఎంపికకు వీలు తక్కువగా ఉన్నవాటిని ముందు తేల్చుకుని, వీలు ఎక్కువగా ఉన్న గోడను చివరికి ఉంచుకోవడం మేలు. కింది పనులు ఆ వరసలోనే ఉన్నాయి.

మొదటి పని: గదిలో ఇప్పటికే ఉన్న రంగులను రాసుకోండి

పూర్తిగా ఖాళీ గది అంటూ ఉండదు. సామాను అంతా తీసేసినా నేల మిగులుతుంది, తలుపులూ కిటికీ చట్రాలూ మిగులుతాయి, కిటికీలోంచి ఒక చెట్టో ఎదుటి ఇంటి గోడో కనిపిస్తూనే ఉంటుంది. ఒక కాగితం తీసుకుని, ఈ విడతలో మార్చబోనివాటిని అన్నిటినీ రాయండి: నేల, పెద్ద సామాను, అల్మరాలు, చెక్క పని, గోడకు బిగించిన టీవీ కూడా. ఆపి ఉన్న టీవీ గోడ మీద ఒక పెద్ద నల్లని పలకే. దాని వెనక లేత రంగు గోడ ఉంటే గదిలో అన్నిటికన్నా ముందు అదే కంటపడుతుంది. నడిమి ఛాయ గానీ ముదురు ఛాయ గానీ ఉంటే గోడలో కలిసిపోతుంది. ఈ సంగతి రంగు వేయించడం పూర్తయ్యాకే చాలామందికి గుర్తుకు వస్తుంది.

వస్తువు పక్కన రంగు పేరు ఒక్కటి రాసి ఊరుకోకండి. గోధుమ రంగు అని రాస్తే దాదాపు ఏమీ చెప్పనట్టే. అది ఎరుపు వైపు మొగ్గుతోందా, పసుపు వైపు మొగ్గుతోందా, ముదురా, లేతా, కొట్టొచ్చినట్టు కనబడుతోందా లేక దుమ్ము పట్టినట్టు అణగి ఉందా అన్నది కూడా రాయాలి. ఏ రంగు గురించి చెప్పాలన్నా ఈ మూడు సంగతులూ అవసరమే: అది ఏ రంగు, ఎంత ముదురు, ఎంత గాఢం. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అమెరికా చిత్రకారుడు ఆల్బర్ట్ మన్‌సెల్ రంగులను ఈ మూడు కొలతల మీదే అమర్చి చూపాడు; నేటికీ ఆ పద్ధతి వాడుకలో ఉంది. మొదటిదాని గురించే అందరూ మాట్లాడుకుంటారు గానీ, గదిలో రంగులు పొసగకపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది మూడోది. అణగిన రంగులు నాలుగు ఉన్న చోట గాఢమైన రంగు ఒకటి చేరితే, అది ఏ రంగైనా సరే, పరాయిగానే కనిపిస్తుంది.

హాలులో కూర్చుంటే తెరిచిన తలుపుల గుండా వేరే గదుల గోడలు కనిపిస్తుంటే, వాటి రంగులను కూడా ఈ కాగితం మీదికి ఎక్కించండి. తలుపు చట్రం మధ్యలో కనిపించే ఆ గోడ, చూసేవారికి హాలులో భాగమే.

రెండో పని: వెలుగును తెలుసుకోండి, అవసరమైతే ముందుగా బల్బులు మార్చండి

గోడ తనంత తాను ఏ రంగులోనూ ఉండదు. తన మీద పడిన వెలుగులో కొంత మింగి, మిగిలినది మనకు పంపుతుంది. పడే వెలుగులోనే ఒక రంగు కొరవడితే గోడ దాన్ని తిరిగి పంపలేదు. అందుకే పెయింట్ దుకాణంలో చూసిన రంగు ఇంట్లో వేరుగా ఉంటుంది, ఇంట్లోనే పొద్దున చూసినది రాత్రికి వేరుగా ఉంటుంది.

ముందు కిటికీ ఏ దిక్కుకు ఉందో చూడండి. ఉత్తరార్ధగోళంలో, ముఖ్యంగా భూమధ్యరేఖకు దూరంగా ఉన్న చోట్ల, ఉత్తరపు కిటికీలోంచి నేరుగా ఎండ రావడం అరుదు. ఆకాశపు వెలుగు మాత్రమే వస్తుంది, అది కాస్త నీలి వైపు ఉంటుంది. అటువంటి గదిలో బూడిద రంగులు మరింత చల్లబడి, ఒక్కోసారి నీరసంగా కనిపిస్తాయి. పసుపు, ఎరుపు కలిసిన లేత రంగులు నిలదొక్కుకుంటాయి. దక్షిణపు కిటికీలోంచి రోజులో ఎక్కువ సేపు ఎండ వస్తుంది కనుక అక్కడ చల్లని రంగులకూ చోటుంది. దక్షిణార్ధగోళంలో ఇదంతా తారుమారు. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో ఋతువును బట్టి ఎండ రెండు వైపుల నుంచీ వస్తుంది కాబట్టి, దిక్సూచిని నమ్ముకోవడం కన్నా గదిలో నిలబడి చూసుకోవడమే నయం. తూర్పు గదికి ఉదయం వెచ్చని వెలుగు, మధ్యాహ్నం తరువాత చల్లని నీడ. పడమటి గదికి ఇందుకు విరుద్ధం. సాయంత్రపు ఎండ సూటిగా పడే గోడకు నారింజ ఛాయ ఉన్న రంగు వేస్తే, ఆ గంటసేపు గోడ మండుతున్నట్టే ఉంటుంది. అది ఇష్టపడేవారూ ఉన్నారు. తెలిసి ఎంచుకుంటే ఇబ్బంది లేదు.

కిటికీ బయట ఏముందో కూడా చూడండి. దట్టమైన చెట్టు ఉంటే లోపలికి వచ్చే వెలుగుకు ఆకుపచ్చ అంటుకుంటుంది. ఎదురుగా ఎర్రటి ఇటుక గోడ ఉంటే, మీ తెల్లని గోడ కొన్ని గంటలు లేత గులాబీగా మారుతుంది.

హాలును ఎక్కువగా సాయంత్రం పొద్దుపోయాక వాడేవారైతే, కిటికీ కన్నా బల్బులకే ఎక్కువ విలువ ఇవ్వాలి. బల్బు డబ్బా మీద రెండు అంకెలు చూడండి. మొదటిది కెల్విన్లలో ఉంటుంది: 2700 దగ్గర వెలుగు పసుపుగా, 4000 దగ్గర తటస్థంగా, 6500 దగ్గర నీలి తెలుపుగా ఉంటుంది. రెండోది సీఆర్ఐ, రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే ఈ అంకెకు గరిష్ఠం 100. మామూలు ఎల్‌ఈడీలు 80 దగ్గర ఉంటాయి. 90 దాటినవి తీసుకుంటే ఎరుపులు, చెక్క రంగులు, మనుషుల ముఖాలు చచ్చుగా కనబడవు. ఒకే గదిలో ఒక బల్బు 2700, మరొకటి 6500 ఉంటే ఏ పెయింటూ ఆ గోడను కాపాడలేదు; ఒక మూల పసుపుగా, ఒక మూల నీలంగా ఉంటుంది. బల్బులు మార్చే ఉద్దేశం ఉంటే రంగు ఎంచుకోవడానికి ముందే మార్చేయండి. తరువాత మారిస్తే ఎంపిక అంతా మళ్లీ మొదటికొస్తుంది.

మూడో పని: లోఛాయ పట్టుకోండి

పెయింట్ పనివారు అండర్‌టోన్ అనే మాట వాడుతుంటారు. పైకి బూడిదగానో తెలుపుగానో మీగడ రంగుగానో కనిపించే ఛాయ లోపల, కొద్దిగా కలిసి ఉన్న మరో రంగునే అలా అంటారు, లోఛాయ అనుకుందాం. గాఢమైన రంగులతో ఈ పేచీ తక్కువ, ఎందుకంటే వాటి గుట్టు పైకే తెలుస్తుంది. తటస్థం అనుకుని ధైర్యంగా తీసుకునే బూడిదలు, తెలుపులు, లేత గోధుమలే లోఛాయ దగ్గర మోసం చేస్తాయి.

దీన్ని పట్టుకోవడానికి మచ్చలేని తెల్ల కాగితం చాలు. సోఫా బూడిద రంగుదని అనుకోండి. పగటి వెలుగులో, ఎండ నేరుగా పడని చోట, దాని మీద తెల్ల కాగితం పరచి, కాగితం అంచు దగ్గర గుడ్డను చూడండి. ఇంతవరకు ఉత్త బూడిద అనుకున్నది ఇప్పుడు కొద్దిగా ఊదాగానో ఆకుపచ్చగానో నీలంగానో బయటపడుతుంది. ఇంకా అనుమానంగా ఉంటే షేడ్ కార్డులోని బూడిదలను నాలుగింటిని ఆ గుడ్డ మీద పక్కపక్కనే పెట్టండి. ఒంటరిగా ఉన్నప్పుడు తెలియనిది పోలికలో వెంటనే తెలుస్తుంది. కార్డులో ఒకే వరసలో లేత నుంచి ముదురుకు వెళ్లే ఛాయలు ఉంటే, అన్నిటికన్నా కింద ఉన్న ముదురు ఛాయను చూడడం మరో ఉపాయం. లేత ఛాయలో దాక్కున్న ఆకుపచ్చ అక్కడ దాగలేదు. అయితే ఆ వరస అంతా ఒకే రంగు నుంచి వచ్చినదైతేనే ఈ ఉపాయం పనికొస్తుంది.

యంత్రంతో కలిపిన పెయింట్ డబ్బా మీద అతికించే చీటీ కూడా కొంత చెబుతుంది. తెల్లని పెయింట్‌కు తెలుపునిచ్చేది టైటానియం డయాక్సైడ్. దానికి నలుపు, పసుపు ఆక్సైడ్, ఎర్ర ఆక్సైడ్, నీలం వంటి రంగు ద్రవాలను కొలత ప్రకారం చుక్కలుగా కలుపుతారు. ఏవి ఎంత పడ్డాయో చీటీ మీద ఉంటే, నలుపుతో పాటు ఎరుపు పడిన బూడిద ఒకటి, పసుపు పడిన బూడిద మరొకటి అని చూడకుండానే తెలిసిపోతుంది.

లోఛాయలు కలవకపోతే ఏమవుతుంది? గులాబీ లోఛాయ ఉన్న లేత గోధుమ రంగు టైల్స్ పక్కన ఆకుపచ్చ లోఛాయ ఉన్న మీగడ రంగు గోడ నిలబడితే, టైల్స్ మరింత గులాబీగా, గోడ మాసినట్టుగా కనబడతాయి. రెండూ విడివిడిగా మంచి రంగులే. ఇలా పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి మార్చివేయడాన్ని శ్రద్ధగా పరిశీలించినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రుల్. 1824 నుంచి పారిస్‌లోని గోబ్లాఁ నేతశాలలో అద్దకాల విభాగానికి అధిపతిగా ఉన్న ఆయన దగ్గరకు, నల్ల దారం సరిగా నల్లగా లేదనే ఫిర్యాదు వచ్చింది. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. ఆ దారాన్ని నీలం, ఊదా దారాల పక్కన నేయడం వల్లే అది వెలిసినట్టు కనిపిస్తోంది. ఆ పరిశీలనలను ఆయన 1839లో ప్రచురించాడు. తేనె రంగు చెక్క నేల మీద తటస్థమైన బూడిద గోడ నీలంగా తోచడం వెనక ఉన్నదీ ఇదే: కన్ను ఆ నారింజ పసుపు పక్కన దానికి ఎదురైన నీలాన్ని కల్పించుకుంటుంది. ఆ నీలం వద్దనుకుంటే, కొద్దిగా పసుపు లోఛాయ ఉన్న బూడిదను ఎంచుకోవాలి. అది ఆ నేల పక్కన అచ్చమైన బూడిదగా కనబడుతుంది.

నాలుగో పని: మూల వస్తువు ఒకటి ఎంచి, రంగుల కూర్పు తేల్చండి

ఇప్పుడు గదిలో రెండు మూడు రంగులు కలిసి ఉన్న వస్తువు ఒకటి వెతకండి. తివాచీ కావచ్చు, చిత్రపటం కావచ్చు, పూల గుడ్డ కుట్టిన కుషన్ కావచ్చు. దాన్ని తయారు చేసినవారు రంగులను ఒకసారి పొందికగా కూర్చి పెట్టారు. ఆ శ్రమను మీరు ఉచితంగా వాడుకోవచ్చు. అందులో ఎక్కువ చోటు ఆక్రమించిన అణగిన రంగు గోడకు, రెండోది కర్టెన్లకో పెద్ద కుర్చీకో, అన్నిటికన్నా తక్కువగా, మెరుపుగా ఉన్నది చిన్న వస్తువులకు వెళుతుంది. కొత్తగా కొనేది ఏదైనా ఉంటే ఈ మూల వస్తువునే ముందు కొనండి.

అటువంటి వస్తువు లేకపోతే రంగుల చక్రం సాయం తీసుకోవాలి. రంగులను వలయంగా అమర్చడం న్యూటన్ 1704లో చూపిన పద్ధతి. చిత్రకారులు వాడే చక్రంలో ఎరుపుకు ఎదురుగా ఆకుపచ్చ, నీలానికి ఎదురుగా నారింజ, పసుపుకు ఎదురుగా ఊదా ఉంటాయి. ఈ చక్రం మీద హాలుకు పనికొచ్చే దారులు ముఖ్యంగా మూడు.

ఒకే రంగును లేత నుంచి ముదురు దాకా వాడడం అన్నిటికన్నా క్షేమం. కానీ గోడ, సోఫా, కర్టెన్లు ఒకే స్థాయి లేతగా ఉంటే గది బోసిగా తయారవుతుంది. కనీసం ఒక వస్తువైనా బాగా ముదురుగా ఉండాలి, గరుకు నేత, నున్నని చెక్క, గాజు వంటి స్పర్శ భేదాలు ఉండాలి. చక్రంలో పక్కపక్కన ఉన్న రంగులు, అంటే నీలం, నీలి ఆకుపచ్చ, ఆకుపచ్చ వంటివి, కలిసి వాడడం రెండో దారి. నా లెక్కలో హాలుకు దీనికి మించినది లేదు: మార్పు ఉంటుంది, తగువు ఉండదు, రేపు కుషన్లు మార్చినా కూర్పు చెదరదు.

మూడోది ఎదురు రంగుల జత. ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి. నీలాన్నీ నారింజనూ సరి పాళ్లలో, సరి గాఢతతో పెడితే చూపు ఎక్కడా నిలవదు. ఒకదాన్ని అణగిన ఛాయలో ఎక్కువ చోట, రెండోదాన్ని గాఢంగా కొద్ది చోట వాడితే అదే జత అందగిస్తుంది. పొగ కమ్మినట్టున్న నీలి బూడిద గోడ, దాని ముందు ఇటుక రంగు కుర్చీ ఒక్కటి: ఇది నీలం నారింజల జతే, కానీ చూసినవారు అలా అనుకోరు. పైన చెప్పిన తేనె రంగు చెక్క నేల నారింజ కుటుంబంలోదే అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోండి. ఆ నేల ఉన్న గదిలో నీలి గోడ వేశారంటే, మీరు కోరుకున్నా కోరుకోకపోయినా ఎదురు రంగుల జత కట్టినట్టే. ఇక ఎర్రటి కర్టెన్లు కూడా చేర్చాలంటే చాలా ఆలోచించాలి.

రంగుల పాళ్లకు 60, 30, 10 అనే లెక్క ఒకటి ప్రచారంలో ఉంది: గదిలో 60 శాతం ప్రధాన రంగు, 30 శాతం రెండో రంగు, 10 శాతం మెరుపు రంగు. కొలబద్ద పట్టుకుని పాటించవలసిన సూత్రం కాదు గానీ, మూడు రంగులకూ సమాన వాటాలు ఇవ్వకూడదని గుర్తు చేయడానికి పనికొస్తుంది. ఈ లెక్కలో నేలను మరిచిపోవడం మామూలు పొరపాటు. తివాచీ లేని పెద్ద హాలులో నేల ఒక్కటే రెండో రంగు వాటాను దాదాపుగా మింగేస్తుంది.

ఈ దశలో ఒక పరీక్ష చేయండి. ఎంచుకున్న గుడ్డ ముక్కలు, చెక్క ముక్క, షేడ్ కార్డు చీటీలు ఒక చోట పేర్చి ఫోన్‌తో ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపుకు మార్చండి. అన్నీ ఒకే బూడిదగా కనిపిస్తే ముదురు లేతల తేడా చాలలేదన్నమాట. రంగులు ఎన్ని ఉన్నా గది చప్పగానే ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా ఎరుపు ఆకుపచ్చల మధ్య తేడా సరిగా తెలియకపోతే ఈ పరీక్ష మరింత అవసరం, ఎందుకంటే ఆ రంగుల వస్తువులను వారు విడదీసి చూసేది ముఖ్యంగా ముదురు లేతల తేడా మీదే.

అయిదో పని: గోడ ఎంత ముదురుగా ఉండాలో నిర్ణయించండి

రంగు ఏదో తేలింది. ఎంత ముదురు అన్నది మిగిలింది. చాలా కంపెనీలు ప్రతి ఛాయకూ ఎల్ఆర్‌వీ అనే అంకె ఇస్తాయి. మీద పడిన వెలుగులో ఎంత శాతం తిరిగి పంపుతుందో చెప్పే అంకె ఇది. 0 అంటే ఏమీ పంపనిది, 100 అంటే అంతా పంపేది. 50 అంటే నడిమి ఛాయ అని అనుకుంటే పొరపాటు. కంటికి సరిగ్గా నడిమి బూడిదగా తోచే రంగు పంపేది వెలుగులో సుమారు 18 నుంచి 20 శాతమే. అందువల్ల 50 అంకె ఉన్న గోడ చూడడానికి లేతగానే ఉంటుంది, కానీ పడిన వెలుగులో సగాన్ని మింగేస్తుంది. అంకె 30కి దిగితే దీపాలు పెంచక తప్పదు.

వెలుగు తక్కువ గదికి తెల్ల రంగే మందు అనే మాటను నేను అంతగా నమ్మను. తెలుపు తనకు అందిన వెలుగును పంపగలదే గానీ లేని వెలుగును పుట్టించలేదు. చీకటి మూలల్లో అది మాసిన బూడిదగా మారి దిగులుగా ఉంటుంది. ఒకే కిటికీ ఉండి, ఎక్కువగా రాత్రిపూట వాడే గదికి వెచ్చని నడిమి ఛాయ వేసి, అక్కడక్కడ దీపాలు పెడితే తెలుపు కన్నా నిండుగా ఉంటుంది. కిటికీకి ఎదురుగా ఉన్న గోడను మాత్రం లేతగా ఉంచండి, వచ్చిన కాస్త వెలుగునూ గదిలోకి తిప్పి పంపేది అదే.

పొడవుగా, ఇరుకుగా ఉన్న హాలులో చివరి పొట్టి గోడను పక్క గోడల కన్నా ముదురుగా వేస్తే అది దగ్గరికి వచ్చినట్టు తోచి గది ఆకారం కుదురుగా కనిపిస్తుంది. ఒక్క గోడకు మాత్రమే వేరే రంగు వేయదలిస్తే ఇటువంటి కారణం ఏదో ఒకటి ఉండాలి. ఊరికే మార్పు కోసం వేస్తే పెయింట్ సగంలో అయిపోయినట్టుంటుంది.

ఆరో పని: పలక మీద వేసి చూడండి

షేడ్ కార్డు మీది చీటీ అంగుళం వెడల్పు ఉంటుంది, గోడ పది అడుగులు ఉంటుంది. అదే రంగు పెద్ద వైశాల్యం మీద మరింత గాఢంగా తోస్తుంది. పైగా ఎదురెదురు గోడలు ఒకదాని రంగును మరొకదాని మీదికి విసురుకుంటాయి. పసుపు గదిలో మూలలు మరింత పసుపుగా ఉండేది ఇందుకే. చీటీ మీద ముచ్చటగా ఉన్న నిమ్మపండు రంగు నాలుగు గోడలకూ ఎక్కితే భరించడం కష్టం. కాబట్టి చీటీలో నచ్చినదాని కన్నా ఒక మెట్టు అణగిన ఛాయను కూడా పరీక్షకు తెచ్చుకోండి. ఫోన్ తెర మీద చూసి మాత్రం ఖాయం చేయకండి. తెర తనంత తానుగా వెలుగుతుంది, గోడ అలా కాదు. తెరకూ తెరకూ కూడా రంగు తేడా ఉంటుంది.

నమూనాను నేరుగా గోడ మీద వేయడం నాకు నచ్చదు. పాత రంగు చుట్టూ ఉండి కొత్త రంగును మార్చి చూపిస్తుంది, దాన్ని పక్కకు జరిపి చూసే వీలూ ఉండదు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న తెల్లని అట్ట గానీ పలక గానీ తీసుకుని, అంచు చుట్టూ రెండు అంగుళాల తెలుపు వదిలి, మధ్యలో రెండు కోట్లు, అంటే రెండు పూతలు, వేయండి. పూర్తిగా ఆరనివ్వండి, నీటితో కలిపే ఎమల్షన్లు తడిగా ఉన్నప్పటి కన్నా ఆరాక సాధారణంగా ముదురుతాయి. రెండు లేదా మూడు ఛాయలకు ఇలా పలకలు చేసుకుంటే చాలు, అంతకు మించితే తేల్చుకోవడం కష్టమవుతుంది.

ఆ పలకను నిలువుగానే చూడాలి, ఎందుకంటే గోడ నిలువుగా ఉంటుంది. బల్ల మీద పడుకోబెట్టిన పలక పైనుంచి పడే వెలుగును ఎక్కువగా పట్టి, ఉన్నదాని కన్నా లేతగా కనబడుతుంది. సోఫా వెనక ఒకసారి, నేలకు ఆనించి ఒకసారి, కిటికీ ఉన్న గోడ మీద ఒకసారి, కిటికీకి ఎదుటి గోడ మీద ఒకసారి పెట్టి చూడండి. కిటికీ ఉన్న గోడ ఎప్పుడూ నీడలోనే ఉంటుంది కనుక అక్కడ ఏ రంగైనా ఒకటి రెండు ఛాయలు ముదురుగా తోస్తుంది. ఉదయం, మధ్యాహ్నం, దీపాలు వేసే ముందు, వేసిన తరువాత చూడండి. సంధ్యవేళ వెలుగు తగ్గుతున్నప్పుడు ఎరుపులు ముందుగా నల్లబడడం, నీలాలు, ఆకుపచ్చలు ఇంకా వెలుగుతున్నట్టు ఉండడం గమనిస్తారు. ఇది కంటి స్వభావం. పందొమ్మిదో శతాబ్దం తొలి భాగంలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే దీన్ని వర్ణించాడు. సోఫా గుడ్డకు పగలు సరిపోయిన గోడ రంగు రాత్రి బల్బు కింద సరిపోకపోతే తప్పు మీ కంటిది కాదు. వేర్వేరు రంగు పదార్థాలతో చేసిన రెండు వస్తువులు ఒక వెలుగులో కలిసి, మరో వెలుగులో విడిపోవడం మామూలే. అచ్చంగా అదే రంగు కోసం పట్టుబట్టకుండా, గోడను గుడ్డ కన్నా స్పష్టంగా లేతగానో ముదురుగానో తీసుకుంటే ఈ చిక్కు ఉండదు.

ఏడో పని: సీలింగ్, చెక్క పని, మెరుపు

సీలింగ్‌కు అచ్చ తెలుపు వేయడం అలవాటుగా వస్తున్నది గానీ, గోడలు వెచ్చని రంగులో ఉన్నప్పుడు పైన నీలి తెలుపు ఉంటే మూత పెట్టినట్టు విడిగా కనబడుతుంది. గోడ రంగు లోఛాయే ఉన్న తెలుపును ఎంచుకోండి. ఎత్తు తక్కువైన గదిలో గోడనూ సీలింగ్‌నూ ఒకే లేత రంగులో వేస్తే రెంటి మధ్య గీత చెరిగిపోయి ఎత్తు అంతగా తెలియదు.

తలుపు చట్రాలు, స్కర్టింగ్ గోడ రంగులోనే ఉంటే గది ప్రశాంతంగా ఉంటుంది, తెల్లగా ఉంటే గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. గది గోడలు ఎక్కువ ముక్కలుగా, ఎక్కువ తలుపులతో ఉన్నప్పుడు మొదటి పద్ధతి మేలు.

మెరుపు కూడా రంగులో భాగమే. మెరుపు లేని మ్యాట్ ఉపరితలం వెలుగును అన్ని వైపులకూ చెదరగొడుతుంది కనుక గోడ మీది గతుకులు తెలియవు. రంగు మెత్తగా ఉంటుంది. కొద్దిగా మెరిసే శాటిన్, బాగా మెరిసే గ్లాసీ రకాలు అదే రంగును మరింత లోతుగా చూపిస్తాయి, తుడవడానికి సులువు, కానీ పుట్టీ పనిలోని ప్రతి లోపాన్నీ పక్క నుంచి పడే వెలుగులో బయటపెడతాయి. ముదురు రంగు వేయదలచిన గోడ నున్నగా లేకపోతే మెరుపు జోలికి వెళ్లకండి.

ఎనిమిదో పని: కొనేటప్పుడు, వేయించేటప్పుడు

గోడల పొడవులు కలిపి ఎత్తుతో గుణించి, తలుపులూ కిటికీలూ తీసేస్తే వైశాల్యం వస్తుంది. మామూలు ఎమల్షన్ ఒక లీటరు నున్నని గోడ మీద ఒక కోటుకు సుమారు 10 నుంచి 12 చదరపు మీటర్లు వస్తుంది. గరుకు గోడ, కొత్త పుట్టీ అయితే తక్కువ. రెండు కోట్లకు లెక్క వేసుకోండి. గాఢమైన ఎరుపులు, పసుపులు మాత్రం రెండు కోట్లకు లొంగకపోవచ్చు. ముదురు రంగులు కలిపే బేస్‌లో, అంటే రంగు చేర్చక ముందు ఉండే మూల పెయింట్‌లో, టైటానియం డయాక్సైడ్ తక్కువగా ఉంటుంది, దాన్ని బట్టి కిందిదాన్ని కప్పే శక్తీ తగ్గుతుంది. తెల్లని ప్రైమర్‌కు బదులు ఆ రంగుకు సూచించిన బూడిద రంగు ప్రైమర్ వేయిస్తే ఒకటి రెండు పూతలు ఆదా అవుతాయి.

కావలసినదంతా ఒకేసారి, ఒకే బ్యాచ్ అంకె ఉన్న డబ్బాల్లో తీసుకోండి. యంత్రంతో విడివిడిగా కలిపిన డబ్బాలైతే అన్నిటినీ పెద్ద బకెట్‌లో పోసి బాగా కలిపి వాడమనండి. లేకపోతే గోడ మధ్యలో డబ్బా మారిన చోట తేడా కనిపించే ప్రమాదం ఉంది. ఒక గోడ మొదలుపెడితే మూల నుంచి మూల దాకా ఆపకుండా పూర్తి చేయించండి. మొదటి కోటు ఆరగానే కంగారు పడి రంగు మార్చమనకండి: కింది రంగు కనిపిస్తూ, చారలు చారలుగా ఉండే ఆ గోడ ఏ నిర్ణయానికీ పనికిరాదు. రెండో కోటు ఆరి, సామాను తిరిగి లోపలికి వచ్చి, కర్టెన్లు వేలాడదీశాకే చూడండి. మిగిలిన పెయింట్‌ను గాలి చొరని చిన్న సీసాలో నింపి, మూత మీద ఛాయ పేరు, కోడ్, ఏ మెరుపు, ఏ బేస్, ఏ గోడ, ఏ తేదీ అన్నవి రాసి ఉంచండి. గీతలు పడిన చోట సరిచేయడానికి అదే పనికొస్తుంది, మరుసటి విడత కొనేటప్పుడు దుకాణంలో చూపించవలసిందీ అదే.